ఇరవై రెండో స్తంభం

సోమవారం పొద్దున్నే డిపోలో పని చీటీ చేతికి రాగానే ఇమ్తియాజ్ దాన్ని రెండుసార్లు చదివాడు. థార్న్‌బర్ రోడ్డు, పద్నాలుగు నుంచి ఇరవై రెండు దాకా దీపాల స్తంభాలు, కరెంటు పరీక్షకు ముందు అదనపు వస్తువులు తొలగించాలి. అదనపు వస్తువులంటే ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రోడ్డు చివరి హోటల్లో వేరే దేశాల నుంచి ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళను ఉంచారని ఆగస్టులో గొడవ జరిగింది. అద్దాలు పగిలాయి, పోలీసు గుర్రాలు వచ్చి వెళ్ళాయి. ఆ వెంటనే ఒక్క శనివారంలో, ఇది మా దేశం అన్నట్టు స్తంభానికొక జెండా మొలిచింది. జెండాలని రాసే ధైర్యం లేక ఊరి కౌన్సిల్ వాళ్ళు వస్తువులని రాశారు.

అతను చీటీ పట్టుకుని ఫియోనా గదికి వెళ్ళాడు. ఆవిడ వీధి దీపాల విభాగానికి పెద్ద. ఎవరి మీదా గొంతు పెంచదు, ఎవరి మాటా కాదనదు, చివరికి తను అనుకున్నదే జరిపిస్తుంది.

"దీనికి ఇంకెవర్నైనా పంపండి ఫియోనా."

"ఎందుకని?"

"ఎందుకో మీకు తెలుసు. నేను లారీ మీద పైకి లేచే బుట్టలో నిలబడి జెండా కోస్తుంటే కింద నుంచి చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పండి. వాళ్ళకి తాజ్ కనపడడు. ఒక పాకిస్తానీ కనపడతాడు."

డిపోలో అందరూ అతన్ని తాజ్ అనే పిలుస్తారు. ఫియోనా పెన్ను కింద పెట్టి చాలా బాధపడిన మొహం పెట్టింది.

"మీ మతం చూసి నేను పని పంచితే అది వివక్ష అవుతుంది తాజ్. ఈ పని మీకివ్వనంటే రేపు మీరే నా మీద ఫిర్యాదు పెట్టొచ్చు."

"నేను పెట్టను."

"మీరు పెట్టకపోవచ్చు. కానీ నియమం నియమమే. వరసలో మీ వంతొచ్చింది. అందర్నీ ఒకేలా చూడాలి కదా."

తాజ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఉద్యోగంలో తనను వేరుగా చూడొద్దని అడిగింది తనే. అడిగినన్నాళ్ళూ వినలేదు. సరిగ్గా ఈ రోజు విన్నారు.

లారీ నడిపేది క్లైవ్. వయసు అరవై ఐదు, పింఛనుకి ఎనిమిది నెలలే ఉంది. భుజం పట్టేసిందని ఏడాదిగా బుట్ట ఎక్కడం మానేశాడు. కింద మీటల దగ్గర నిలబడి, పైనున్న మనిషికి ఏమైనా అయితే బుట్టను దించడమే అతని పని. "త్వరగా కానిద్దాం అబ్బాయ్, పదకొండుకల్లా టీ తాగాలి" అన్నాడు.

మొదటి ఎనిమిది స్తంభాలకీ అడిగినవాడు లేడు. తాజ్ బెల్టు కొక్కెం తగిలించుకుని, మీట నొక్కి, ఆరు మీటర్లు పైకి పోయి, జెండాను కట్టిన ప్లాస్టిక్ కేబుల్ టైలు నాలుగూ కత్తెరతో తుంచి, జెండాను మడతపెట్టి సంచిలో పెట్టేవాడు. సంచి మీద స్తంభం నంబరు రాసేవాడు, ఎవరైనా తమదని అడిగితే ఇవ్వడానికి. ఒక్క జెండా కూడా నేల మీద పడనివ్వలేదు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అతనికే అలా తోచింది.

ఇరవై రెండో స్తంభం, తాజ్‌ని చిన్నప్పటి నుంచి ఎరిగిన బెరిల్ ఆంటీ ఇంటి ముందు. తాజ్ పుట్టి పెరిగిన వీధి అక్కడికి రెండు సందుల అవతల. బుట్ట సగం లేచేసరికి ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, ఏడెనిమిది మంది లారీ చుట్టూ చేరారు. వాళ్ళ ముందు బెరిల్ ఆంటీ కొడుకు షేన్, చేతిలో ఫోన్ ఎత్తి పట్టుకుని.

"ఏంట్రా తాజ్, మా జెండా నీకేం అడ్డమొచ్చింది?"

"నాకు కాదు, పరీక్షకి అడ్డం. మీటరు తగిలించాలి."

"పోయినేడు క్రిస్మస్ దీపాలు కట్టినప్పుడు అడ్డం రాలేదా మీటరుకి?"

అందరూ నవ్వారు. నిజానికి మంచి ప్రశ్నే. అతను ఈలోగా పైకి చేరాడు. చేరాక చూశాడు. మిగతా ఎనిమిదీ తెలుపు మీద ఎర్ర శిలువ ఉన్నవి, వాటిని ఎటు తిప్పి కట్టినా ఒకటే. ఇది మాత్రం నీలం మీద చారలున్న దేశం జెండా. స్తంభం వైపు, ఐమూల ఎర్రచారకి పక్కనున్న రెండు తెల్లపట్టీల్లో వెడల్పుది పైన ఉండాలి. ఇక్కడ కింద ఉంది. అంటే జెండా తలకిందులుగా కట్టారు.

"షేన్, దీన్నెవరు కట్టారు?"

"నేనే కట్టా. ఏం?"

"తలకిందులుగా ఉంది."

కింద ఒకావిడ గట్టిగా నవ్వింది. షేన్ మొహం జేవురించింది.

"మా జెండా గురించి నువ్వు మాకు పాఠం చెప్తావా?"

"నేను చెప్పట్లేదు. మీ నాన్న చెప్పాడు. చిన్నప్పుడు ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం చర్చి హాల్లో. నువ్వు వినలేదు."

షేన్ తండ్రి నార్మన్ ముప్పై ఏళ్ళు ఆ పేటలో పిల్లలకు స్కౌట్ మాస్టరు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ పేరు ఎత్తకుండా ఉండాల్సింది. కానీ నోరు జారింది. ఇద్దరు మగవాళ్ళు వచ్చి లారీ ముందు చక్రానికి ఆనుకుని నిలబడ్డారు. క్లైవ్ మీటల మీద నుంచి చేతులు తీసి జేబుల్లో పెట్టుకున్నాడు.

"దిగిరా అబ్బాయ్" అన్నాడు తల పైకెత్తి.

"ఎక్కడికి దిగాలి? వాళ్ళు బుట్ట కిందే ఉన్నారు."

ఇరవై నిమిషాలు అతను ఆ పైన నిలబడ్డాడు. నిలబడడానికి ఒక మనిషి పట్టేంత చోటు, చుట్టూ నడుం ఎత్తు కటకటం, నడుముకి కొక్కెం. జెండా గాలికి వచ్చి మొహానికి కొడుతోంది. భయం వేసింది. సిగ్గు కూడా వేసింది, పుట్టిన పేటలో ఇలా పావురంలా పైన ఇరుక్కున్నందుకు. అప్పుడు బెరిల్ ఆంటీ గుమ్మంలోకి వచ్చింది, గౌను మీద చలికోటు వేసుకుని.

"ఏమైంది నాయనా?"

"జెండా తలకిందులుగా ఉంది ఆంటీ."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఉంది" అంది. "నార్మన్ ఇంటి ముందు అలా ఉండకూడదు. దించితే దించు, లేకపోతే సరిగ్గా కట్టు. రెండింట్లో ఒకటి చేసి కిందికి రా, చలికి చచ్చిపోతావు."

తాజ్ కత్తెర తీసి నాలుగు టైలూ తుంచాడు. కింద నుంచి బూతులు వచ్చాయి. అతను జెండాను ఒడిలోకి తీసుకుని తిప్పి, వెడల్పు పట్టీ పైకి వచ్చేలా చూసుకుని, తన సంచిలోంచి కొత్త టైలు తీసి బిగించి కట్టాడు. ఆ మనుషులకి ఏం చెయ్యాలో తోచలేదు. తిడదామంటే జెండా అక్కడే ఉంది, పైగా మునుపటికన్నా బాగుంది. లారీ దగ్గర నుంచి ఒక్కొక్కరే తప్పుకున్నారు. షేన్ చివరిదాకా వీడియో తీసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

డిపోకి తిరిగి వెళ్ళే దారిలో చీటీ నింపాలి. తాజ్ పెన్ను ఆపాడు.

"ఎనిమిదని రాయనా, తొమ్మిదని రాయనా?"

"తొమ్మిదని రాయి" అన్నాడు క్లైవ్. "ఎనిమిదంటే మళ్ళీ పంపిస్తారు, మళ్ళీ నువ్వే ఎక్కాలి. ఈ ఊళ్ళో మనిద్దరం తప్ప స్తంభాల వంక తలెత్తి చూసేదెవడు?"

తాజ్ తొమ్మిదని రాసి సంతకం చేశాడు. కింద క్లైవ్ కూడా చేశాడు.

సాయంత్రం అన్నం తింటుండగా భార్య షగుఫ్తా ఫోన్ అతని కంచం పక్కన పెట్టింది. వీడియో పదకొండు సెకన్లు. బుట్టలో తాజ్, కత్తెర, తెగిన టైలు, అతని ఒడిలోకి కూలిన జెండా. అక్కడితో అయిపోయింది. కింద రాసిన మాట, ఇదీ ఇప్పుడు మన దేశం. అప్పటికే నలభై వేలమంది చూశారు. పడుకునే వేళకి రెండు లక్షలు దాటింది.

"తర్వాత మళ్ళీ కట్టావుగా" అంది షగుఫ్తా. "అది చెప్పు. వెళ్ళి చూసుకోండి, జెండా అక్కడే ఉందని చెప్పు."

"చెప్తే ఉద్యోగం పోతుంది. దించమన్నది దించకుండా మళ్ళీ కట్టాను. పైగా దించానని దొంగ రాత రాశాను. తప్పుడు చీటీ అంటే అప్పటికప్పుడే సస్పెన్షన్. నాతోపాటు క్లైవ్ కూడా."

ఆగస్టులో షగుఫ్తా అన్నయ్య దుకాణం షట్టరు మీద రాళ్ళు పడ్డాయి. అప్పటి నుంచి ఆమె బడికి పిల్లల్ని దింపడానికి కూడా దారి మార్చుకుంది.

"దించావని సగం ఊరు తిడుతోంది" అంది. "కట్టావని తెలిస్తే మిగతా సగం తిడుతుంది. మా అన్నయ్యతో సహా. మసీదు నుంచి వచ్చేటప్పుడు ఇవాళే అన్నాడు, తాజ్ బాగా బుద్ధి చెప్పాడు వాళ్ళకి అని. నీ భుజం తట్టాలట."

తాజ్ కంచం పక్కకు నెట్టాడు. చెయ్యనిదానికి తిట్లు, చెయ్యనిదానికే మెప్పు. రెండింటికీ నోరు మూసుకోవాలి.

మంగళవారం ఎవరో అతని కారు మీద గుడ్లు కొట్టారు. అతను బకెట్టులో నీళ్ళు తెచ్చి కడిగాడు. గుడ్డు ఆరిపోతే రంగు లేచిపోతుందని తెలుసు, అందుకే పనికి ఆలస్యమైనా వదల్లేదు. ఎదురింటాయన కిటికీలోంచి చూసి తెర వేసేసుకున్నాడు. ఆయన కూడా సోమవారం గుంపులో ఉన్నాడు. ఆయనకి తెలుసు జెండా ఎక్కడుందో. థార్న్‌బర్ రోడ్డు మీద ప్రతి ఇంటికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. తాజ్‌ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదే.

బుధవారం మధ్యాహ్నం ఫియోనా కబురు పెట్టింది. ఆవిడ బల్ల మీద రెండు కాయితాలు, ప్లాస్టిక్ కవరులో మడత విప్పని కొత్త జెండా ఒకటి ఉన్నాయి.

"ఆరు వందల ఫిర్యాదులొచ్చాయి. మేలో ఎన్నికలు. కౌన్సిల్ పెద్దలు ఒక మధ్యేమార్గం ఆలోచించారు. పరీక్ష ఎలాగూ అయిపోయిందనుకుంటున్నాం కాబట్టి, సుహృద్భావంతో ఆ ఒక్క స్తంభానికీ జెండా తిరిగి పెడతాం. ఇరవై రెండో నంబరు. మీరే పెడతారు. రేపు తొమ్మిదింటికి పత్రిక ఫొటోగ్రాఫర్ వస్తాడు. ఆ ఇంటి అబ్బాయి షేన్ మీకు షేక్‌హ్యాండ్ ఇస్తాడు. ఎంత బాగుంటుంది చెప్పండి."

తాజ్ బల్ల మీది కొత్త జెండా వంక చూశాడు.

"షేన్ ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోకుండా ఎలా ఉంటాడు? జెండా తిరిగి పెట్టమని పోరాడింది అతనే కదా. మీరు ఈ ఉత్తరం మీద సంతకం పెడితే చాలు. జెండా తీసినందువల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే విచారిస్తున్నాను, అంతే. ఫిర్యాదు మూసేస్తాం. సోమవారం నుంచి మామూలే."

"పెట్టకపోతే?"

"విచారణ" అంది ఫియోనా, చాలా దయగా.

ఉత్తరం తీసుకుని రేపు ఇస్తానని బయటికి వచ్చాడు. క్లైవ్ లారీ బోనెట్టుకి ఆనుకుని ఉన్నాడు. విషయం విని నెత్తి పట్టుకున్నాడు. కాసేపటికి చెయ్యి తీశాడు.

"ఏడున్నరకి వెళ్దాం. ఎవరూ లేవకముందే ఎక్కి, ఉన్నదాన్ని తీసేసెయ్. తొమ్మిదింటికి కొత్తది కట్టు. ఎవరికీ తెలీదు."

"అంటే దించలేదన్నది దాచడానికి ఇప్పుడు నిజంగా దించాలా?"

"ఎనిమిది నెలలు తాజ్. ఎనిమిదే నెలలు."

క్లైవ్ నోట అంత చిన్న గొంతు తాజ్ ఎప్పుడూ వినలేదు. సరేనన్నాడు. ఇంకేమనగలడు.

గురువారం ఏడున్నరకి థార్న్‌బర్ రోడ్డు మలుపు తిరగ్గానే క్లైవ్ బ్రేకు వేశాడు. ఇరవై రెండో స్తంభానికి ఒక ఇంటి నిచ్చెన ఆనించి ఉంది. దాని చివరి మెట్టు మీద షేన్, ఒక చేత్తో స్తంభాన్ని వాటేసుకుని, రెండో చేత్తో తోటకత్తెర పైకి చాపుతున్నాడు. జెండా ఇంకా నాలుగడుగుల పైన ఉంది. అందడం లేదు.

తాజ్ లారీ దిగి కింద నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావ్ షేన్?"

షేన్ తిరిగి చూసి, దిగడం తప్ప దారి లేక మెల్లగా దిగాడు.

"తొమ్మిదింటికి ఫొటో వాడొస్తాడటగా" అన్నాడు నేల చూస్తూ. "జెండా ఇక్కడే ఉందని చూస్తే నా వీడియో ఏమవుతుంది? రెండు లక్షలమంది నన్ను ఏమంటారు?"

"నన్ను మూడు రోజులుగా ఏమంటున్నారో చదివావా?"

"చదివా."

"అవి చదివి కూడా వీడియోలో మిగతా సగం పెట్టలేదు."

"పెడదామనే అనుకున్నా. మొదటి గంటలో పెట్టేయాల్సింది. తర్వాత జనం ఎక్కువైపోయారు. నన్ను మెచ్చుకుంటూ రాస్తున్నారు తాజ్. ఎప్పుడు చూశాను నేను అలాంటిది? నేను పనిచేసే గిడ్డంగి మూసేశాక రెండేళ్ళ నుంచి నా మొహం చూసి నవ్వినవాడు లేడు. ఆ హోటల్లో వాళ్ళకి మూడు పూటలా పెడుతున్నారు, నాకేమో నిరుద్యోగ భృతికి ఫారాలు నింపమంటున్నారు."

"హోటల్లో వాళ్ళకి పెడితే ఆ కోపం నా మీద ఎందుకు?"

షేన్ లారీ వంక చూశాడు. "నీకు బుట్ట ఉందిగా. నువ్వూ దానికే వచ్చావ్. ఎక్కి దించెయ్. నీకూ మంచిది, నాకూ మంచిది."

క్లైవ్ అప్పటికే లారీ ఒరగకుండా ఆపే కాళ్ళ జాకీలు దించి, మీటల మూత తీసి ఉంచాడు. తాజ్ బెల్టు కట్టుకుని బుట్టలోకి ఎక్కి కొక్కెం తగిలించాడు. మీట మీద చెయ్యి వేశాడు. బెరిల్ ఆంటీ ఇంటి తలుపు తెరుచుకుంది. ఆవిడ నిచ్చెనను చూసింది, కొడుకును చూసింది, బుట్టలో తాజ్‌ని చూసింది.

"ఇద్దరూ ఒకే పని మీద వచ్చారన్నమాట" అంది. "మంచిది. నలభై ఏళ్ళకి ఒక విషయంలో కలిశారు."

ఆవిడ తలుపు తెరిచే ఉంచి లోపలికి పోయింది. షేన్ రోడ్డు వంక మొహం తిప్పుకున్నాడు. తాజ్ మీట నొక్కలేదు. ఎందుకు నొక్కలేకపోతున్నాడో అతనికే తెలియలేదు. వేళ్ళు దాని మీదే ఉన్నాయి. తను కట్టిన ముడి అది. ఈ నాలుగు రోజుల్లో తను చేసిన ఒకే ఒక్క సరైన పని. దాన్ని తన చేత్తోనే కోస్తే, ఇక ఆ రెండు లక్షలమంది అన్నది నిజమైపోతుంది.

"క్లైవ్" అన్నాడు, "నేను దించను."

"తాజ్, అబ్బాయ్..."

"చీటీ రాసింది నేను. నువ్వు చూడకుండా సంతకం పెట్టావు. అందరూ అలాగే పెడతారు. అదే చెప్తా. నీ పింఛను ఎక్కడికీ పోదు."

కొక్కెం విప్పి దిగాడు. ఎనిమిదింబావుకి ఫియోనా కారు వచ్చింది, అంతా సవ్యంగా ఉందో లేదో ముందే చూసుకుందామని. కవరులోని కొత్త జెండా చంకన పెట్టుకుని, నవ్వుతూ దిగింది. తాజ్ పైకి చూపించాడు. ఆవిడ చూసింది. నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు.

తాజ్ మొత్తం చెప్పాడు. ఎనిమిది, తొమ్మిది, చీటీ, తలకిందుల జెండా, ఇరవై నిమిషాలు. క్లైవ్ మాత్రం చూడకుండా సంతకం పెట్టాడన్నాడు. సంతకం చెయ్యని ఉత్తరం తీసి ఆవిడకిచ్చాడు.

ఫియోనా వాచీ చూసుకుంది. "అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు దాన్ని దించేయండి. ఫొటోగ్రాఫర్ వచ్చేలోపు."

"దించెయ్ తాజ్" అన్నాడు షేన్ వెనక నుంచి.

"నేను దించను. వేరేవాళ్ళని పంపండి."

ఫియోనా క్లైవ్ వంక చూసింది. క్లైవ్ భుజం పట్టుకున్నాడు, "డాక్టరు చీటీ ఉంది" అన్నాడు. షేన్ ముందుకొచ్చాడు. "నేను ఎక్కుతా."

"మీకు శిక్షణ లేదు" అంది ఫియోనా వెంటనే, అలవాటు కొద్దీ. "శిక్షణ లేనివాళ్ళు బుట్ట ఎక్కకూడదు."

తాజ్ బెల్టు విప్పి చుట్టచుట్టి లారీ మెట్టు మీద పెట్టాడు.

"తప్పుడు చీటీ రాశానని మీ ముందు ఒప్పుకున్నాను ఫియోనా. అంటే ఇప్పటికిప్పుడే నేను సస్పెండ్. సస్పెండైనవాడు బుట్ట ఎక్కకూడదు, అది కూడా మీ నియమమే. ఎక్కమన్నారంటే నా తప్పు ఏమీ లేదని మీరు ఒప్పుకున్నట్టు. ఏదో ఒకటి చెప్పండి. నేను ఇక్కడే కూర్చుంటా."

అతను బెరిల్ ఆంటీ ప్రహరీ గోడ మీద కూర్చున్నాడు. ఇంటి అప్పు, పిల్లలు, సాయంత్రం షగుఫ్తాకి ఏం చెప్పాలన్నది, మసీదులో ఎవరెవరు మొహం తిప్పుకుంటారన్నది, అన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. కానీ నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సింది తను కాదు. అది చాలా కొత్తగా ఉంది.

ఫియోనా కొత్త జెండా కవరు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. షేన్ ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఎనిమిదీ యాభైకి ఒక చిన్న ఎర్రకారు మలుపు తిరిగి వచ్చి లారీ వెనక ఆగింది. మెడలో కెమెరాతో ఒక కుర్రాడు దిగాడు. ఎవరికీ నమస్కారం చెప్పకముందే, వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసుకుందామని స్తంభం వైపు తలెత్తాడు.